ఎర్రచెలకలో కందిసాలు: వేళ్లును సూక్ష్మజీవులును పైరునకు ఆహారము కూర్చు విధము

తెలంగాణములోని ఎర్రచెలకలలో జొన్నసాళ్ల నడుమ కందిసాలు వేయుట తాతల నాటి నుండి వచ్చుచున్న పద్ధతి. కొన్ని సాళ్లు జొన్న విత్తి, పిదప ఒక సాలు కంది విత్తుదురు. జొన్న ముందుగా కోతకు వచ్చును. కంది పుష్యమాసము వరకు చేనిలో నిలిచి, ఆకు రాల్చి, తరువాత కాయ నిచ్చును. దీనివలన కలుగు లాభము పప్పు మాత్రమే యని తలచువారు, ధర తగ్గిన యేడు ఆ సాలును మానివేయుదురు. జొన్న సేద్యము తగ్గి ప్రత్తి వ్యాపించిన పిమ్మట చాల చేలలో ఒకే పైరు మిగిలినది.

అట్లు మానిన సాలుతో ఇంటికి వచ్చు పప్పే గాక, నేల లోపల జరుగు ఒక పనియు నిలిచిపోవును. ఆ పని యెట్టిది, దానిని చేయువారెవరు, దానికి సేద్యగాడు ఏ విధముగా తోడ్పడవలెను అను విషయములు ఇందు వివరింపబడుచున్నవి.

నేల యొక పాతర

పాతర నిండ ధాన్యమున్నను, దాని మూత తీయలేనియెడల ఇంటివారు పస్తుండవలసినదే. నేలయు నట్టిదే. ఒక ఎకరములో పైనున్న ఆరంగుళముల మట్టి తూకము సుమారు తొమ్మిది లక్షల కిలోలు. ఎర్రచెలకలలో సేంద్రియ కర్బనము నూటికి అరపాలును మించుట అరుదు. అరపాలు ఉన్నదనుకొన్నను, ఆ మట్టిలో కర్బనము 4,500 కిలోలు, దానితో కూడిన నత్రజని సుమారు 450 కిలోలు ఉండును. ఎకరమునకు పది క్వింటాళ్లు పండు జొన్నపైరు, గింజకును చొప్పకును కలిపి, 20 మొదలు 25 కిలోల నత్రజనిని మాత్రమే తీసికొనును. లెక్క చూచినచో పాతరలో ఎన్నో యేండ్లకు సరిపడు తిండి యున్నది. ఐనను ఎరువు వేయని చేనిలో జొన్న క్రింది ఆకులు పండుబారి, మొక్క గిడసబారుచున్నది. కారణమేమి?

ఆ నత్రజనిలో నూటికి తొంబది పాళ్లకు పైగా కుళ్లిన ఆకులు, వేళ్లు, పేడ, చచ్చిన క్రిములు మున్నగువాని యవశేషములలో బంధింపబడి యుండును. ఆ రూపమున నున్నదానిలో వేరు తీసికొనగలిగినది మిక్కిలి స్వల్పము. సూక్ష్మజీవులు ఆ యవశేషములను తిని, విడగొట్టి, నీటిలో కరుగు రూపమునకు తెచ్చినప్పుడే అది పైరునకు అందును. ఏడాదిలో ఇట్లు విడివడునది సాధారణముగా నూటికి రెండు మొదలు నాలుగు పాళ్లు. అనగా పైన చెప్పిన ఎకరములో 9 మొదలు 18 కిలోలు. పైరునకు కావలసినదానికిని దొరకుదానికిని గల వ్యత్యాసమే సేద్యగాని కష్టము.

భాస్వరము సంగతి ఇంతకన్న చిక్కైనది. ఎర్రచెలకకు ఆ రంగు ఇనుము వలన వచ్చినది. భాస్వరము ఇనుముతోడను అల్యూమినియముతోడను గట్టిగా అంటుకొని, నీటిలో కరుగని పదార్థముగా మారును. అందువలననే సేద్యగాడు వేసిన సూపరు ఫాస్ఫేటులో తొలి పైరు అందుకొనునది చాలవరకు ఐదవ వంతునకు లోపుగానే యుండును. మిగిలినది నేలలోనే యున్నది. కాని దానికి మూత పడినది.

వేరు చేయు పని

వేరు నీటిని పీల్చు గొట్టము మాత్రమే కాదు. ఆకులలో ఎండ వలన తయారైన చక్కెరలో కొంతభాగమును మొక్క తన వేళ్ల ద్వారా మట్టిలోనికి విడుచును. చక్కెరలు, ఆమ్లములు, జిగురు మున్నగునవి వేరు మొనల నుండి ఊరుచుండును. ఇది నష్టమని తోచవచ్చును గాని, నిజమునకు కూలి యిచ్చి పని చేయించుకొనుట వంటిది. ఆ తీపికై సూక్ష్మజీవులు వేరుచుట్టు మూగును. ఒక గ్రాము మంచి మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు ఉండును. వేరు నంటియున్న మట్టిలో వాని సంఖ్య మరింత హెచ్చుగా నుండును. 1904లో జర్మనీ దేశపు హిల్ట్నర్ అను శాస్త్రజ్ఞుడు వేరుచుట్టునున్న ఈ మట్టిని వేరుగా గుర్తించి దానికి రైజోస్ఫియరు అని పేరు పెట్టెను.

ఆహారపదార్థములు వేరును చేరు తీరులు వేర్వేరు. నైట్రేటు రూపమున నున్న నత్రజని నీటితో కదలును. మొక్క నీరు పీల్చినప్పుడు అది తానై వేరువద్దకు వచ్చును. పెద్దవాన కురిసినప్పుడు నీటితోడనే లోతునకు దిగిపోవును. భాస్వరము అట్లు కదలదు. వేరునకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరములో నున్న భాస్వరము తీరినచో, అంతకు ఆవలనున్నది వచ్చి చేరుటకు చాల కాలము పట్టును. కావున భాస్వరము కొరకు వేరే నడచి పోవలెను. వేరుమీది సన్నని నూగు, క్రొత్తగా పుట్టు పిల్లవేళ్లు చేయు ముఖ్యమైన పని యిదే. భాస్వరము చాలనప్పుడు లేతమొక్కల ఆకులు ముదురు పచ్చగానో, అంచున ఊదారంగుగానో మారి, ఎదుగుదల నిలిచిపోవును.

బూజువేరు

వేరు పోలేని సందులలోనికి పోవుటకు ప్రకృతి మరియొక సాధనము నేర్పరచినది. ఒక జాతి శిలీంధ్రములు వేరు లోపల కాపురముండి, నూలుపోగుకన్న సన్నని దారములను మట్టిలోనికి చాచును. ఈ దారములు వేరుచుట్టునున్న వట్టిపోయిన మట్టిని దాటి, కొన్ని సెంటీమీటర్ల దూరము వరకు పోయి, భాస్వరమును జింకును తెచ్చి మొక్కకు ఇచ్చును. మొక్క దానికి బదులుగా తన తీపి పదార్థములలో పాలిచ్చును. అడవిచెట్ల వేళ్లలో ఇట్టి పొత్తును చూచి 1885లో ఫ్రాంక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి మైకోరైజా యని పేరు పెట్టెను. ఆ మాటకు బూజువేరు అని యర్థము. జొన్న, సజ్జ, మొక్కజొన్న, కంది, వేరుసెనగ, ప్రత్తి మున్నగు మెట్టపైరులలో అధికభాగము ఈ పొత్తు గలవే. ఆవాలు, క్యాబేజీ వంటి జాతికి ఇది లేదు.

ఈ శిలీంధ్రము సజీవమైన వేరుతో పొత్తుండిననే వర్ధిల్లును. కావున చేనిని ఏండ్లకొలది బీడుగా విడిచినను, మాటిమాటికి లోతుగా దున్ని దారములను త్రెంచినను, భాస్వరపు ఎరువును మితిమీరి గ్రుమ్మరించినను ఇది క్షీణించును. వేరుకు ఎరువు సులభముగా దొరకినప్పుడు మొక్క ఈ కూలివానిని పోషింపదు.

కంది మూత తీయు విధము

పటాన్‌చెరువు వద్ద 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ, అనగా ఇక్రిశాట్, కందిని గూర్చి చేసిన పరిశోధనలలో ఒకటి ఎర్రచెలకల సేద్యగాండ్రు ముఖ్యముగా తెలిసికొనదగినది. జపాను దేశపు శాస్త్రజ్ఞులతో కూడి జరిపిన ఆ పరిశోధన 1990లో ప్రకటింపబడినది. భాస్వరపు ఎరువు వేయని ఎర్రమట్టిలో జొన్న మున్నగు పైరులు ఎదుగలేకపోగా, కంది ఎదిగినది. నల్లరేగడిలో మాత్రము కందికి అట్టి ప్రత్యేకత కనబడలేదు.

ఈ భేదమునకు కారణము వేరునుండి ఊరు ఆమ్లములలో దొరకినది. కందివేరు పిసిడిక్ ఆమ్లము అను పదార్థమును, దాని జాతివగు మరికొన్నిటిని విడుచును. ఇవి ఇనుమును పట్టుకొనును. ఇనుము చిక్కినప్పుడు దాని నంటియున్న భాస్వరము విడివడి వేరునకు అందును. రేగడిలో భాస్వరము ముఖ్యముగా సున్నముతో కూడి యుండును గాన అచ్చట ఈ తాళపుచెవికి పని తక్కువ. అచ్చటి భాస్వరమును జొన్న మున్నగు ఇతర పైరులును తీసికొనగలవు. కావున ఎర్రచెలకలో కందిసాలు వేయుట వట్టి ఆచారము కాదు. జొన్న తెరువలేని మూతను కంది తెరచుచున్నది.

అట్లని కంది తెరచినదంతయు జొన్నకు అదే యేడు అందునని తలపరాదు. కంది ముందుగా తన కొరకు తీసికొనును. తరువాత ఆకు రాలి, వేరు కుళ్లి, సూక్ష్మజీవులు వానిని తిన్న పిమ్మట ఆ భాస్వరము మరుసటి పైరునకు లభించును. కందివేరు లోతుగా దిగును గనుక, జొన్నవేళ్లు అంతగా చేరని పొరలలోని ఆహారమును గూడ పైకి తెచ్చి ఆకు రూపమున నేలపై పరచును.

వేరుబొడిపెలు

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. కాని ఏ మొక్కయు దానిని నేరుగా వాడుకొనలేదు. కంది, వేరుసెనగ, పెసర, మినుము మున్నగు కాయధాన్యముల వేళ్లమీది బొడిపెలలో నుండు బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్క కిచ్చుచున్నవని 1886, 1888 సంవత్సరముల నడుమ హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1888లో హాలెండు దేశపు బైజరింక్ ఆ బాక్టీరియాలను వేరుచేసి పెంచెను. రైజోబియము జాతి అని నేడు పిలువబడునవి ఇవియే.

బొడిపె యున్నంత మాత్రమున పని జరుగుచున్నదని నిశ్చయింపరాదు. విత్తిన నలుబది మొదలు నలుబదియైదు దినములకు ఒక మొక్కను పలుగుతో చుట్టును త్రవ్వి, మట్టితో సహా ఎత్తి, నీటిలో మెల్లగా కడుగవలెను. పట్టి లాగినచో బొడిపెలు నేలలోనే తెగిపోవును. పిమ్మట బొడిపెను గోటితో చీల్చి చూడవలెను. లోపల గులాబిరంగుగానో, ఎరుపుగానో యున్నచో పని సాగుచున్నది. ఆ రంగు మన నెత్తురులోని రంగుపదార్థమును పోలినదాని వలన వచ్చినది. తెల్లగానో, ఆకుపచ్చగానో యున్నచో ఆ బొడిపె తిండి తినుచున్నదే గాని పని చేయుట లేదు. బొడిపెల కిచ్చటను భాస్వరము కావలెను. అది చాలనియెడల బొడిపెలు తక్కువగా పుట్టును. నత్రజని ఎరువు అధికముగా వేసినచో మొక్క బొడిపెలను పోషించుట మానును.

బొడిపెలు కూర్చిన నత్రజనిలో అధికభాగము గింజలోనికి పోవును. చేనికి మిగులునది రాలిన ఆకు, నేలలో నిలిచిన వేరు. కందికట్టెను వంటచెరకునకు కొనిపోవుట తప్పనిసరి యైనను, ఆకును తుడిచి కాల్చినవాడు బొడిపెల కష్టములో నేలకు దక్కవలసిన పాలును పొగగా విడుచుచున్నాడు.

కుళ్లుటలోని లెక్క

జొన్నకొయ్యలను పచ్చిగా దున్ని వెంటనే విత్తిన చేనిలో పైరు మొదట పచ్చబారక తెల్లబోవుట సేద్యగాండ్రు ఎరిగినదే. కొయ్యలు నేలకు హాని చేసినవని కొందరు తలతురు. నిజము వేరు. నేలలోని బాక్టీరియా తన దేహమున ఎనిమిది పాళ్లు కర్బనమునకు ఒక పాలు నత్రజని చొప్పున నిలుపుకొనును. తినిన కర్బనములో సుమారు మూడింట రెండు పాళ్లు శ్వాసగా పోవును. అనగా 24 పాళ్లు కర్బనమును తిన్నప్పుడు 16 పాళ్లు గాలిలో కలియును, 8 పాళ్లు దేహమగును. దానికి ఒక పాలు నత్రజని కావలెను. కావున తిండిలో ఒక పాలు నత్రజనికి 24 పాళ్ల కర్బనమున్నచో లెక్క సరి. జొన్నచొప్పలో ఒక పాలు నత్రజనికి 60 పాళ్లకు పైగా కర్బనముండును. ఆ కొరత తీర్చుకొనుటకు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగుకొనును, పైరు పస్తుండును. కొన్ని వారములైన పిదప తిండి తీరి, అవి చచ్చి, పట్టుకొన్నదానిని తిరిగి విడుచును.

లేత జనుము, జీలుగ వంటి పచ్చిరొట్టలోను, బాగుగా మాగిన పెంటయెరువులోను కర్బనము ఈ హద్దునకు లోపుగా నుండును గనుక నత్రజని త్వరలోనే విడివడును. పచ్చిరొట్టను పూతకు వచ్చినప్పుడే, కాండము ముదురక మునుపు దున్నవలెననుటకు కారణ మిదియే.

తొలకరి వానతో నేల చేయు మేలు గూడ సూక్ష్మజీవుల వలననే కలుగును. వేసవిలో మట్టి ఎండినప్పుడు అనేక జీవులు చచ్చును. తొలివాన తడిసిన వెంటనే మిగిలినవి లేచి, చచ్చినవానిని, ఎండి విడివడిన సేంద్రియ పదార్థమును తిని, కొలది దినములలో చాల నత్రజనిని విడుచును. తూర్పు ఆఫ్రికా నేలలలో ఈ సంగతిని బర్చ్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1958లో వివరించెను. అమ్మోనియాగా విడివడినది బాక్టీరియాల వలన త్వరలోనే నైట్రేటుగా మారును. ఆ సమయమునకు చేనిలో వేరున్నచో పైరునకు దక్కును. లేనిచో తరువాతి వానలతో క్రిందికి దిగిపోవును. అదనున విత్తిన చేనికిని, పది పదునైదు దినములు వెనుకబడిన చేనికిని తొలియెదుగుదలలో కనబడు భేదమునకు ఇది యొక కారణము.

పాతర వట్టిపోకుండుటకు

ఇచ్చట సేద్యగాడు మరువరాని విషయ మొకటి కలదు. బొడిపెలు గాలినుండి నత్రజనిని తెచ్చునే గాని, భాస్వరమును క్రొత్తగా పుట్టించు జీవి యేదియు లేదు. కంది మూత తీయును, బూజువేరు దూరమునుండి మోసికొనివచ్చును, బాక్టీరియా విడగొట్టును. ఇవన్నియు ఉన్నదానిని అందించు పనులు. గింజతో ప్రతియేడు చేనినుండి భాస్వరము వెడలిపోవుచున్నది. మూత తీయుట నేర్చి, ధాన్యము పోయుట మానినచో ఎంత పెద్ద పాతరయు అడుగంటును. కావున ఈ జీవుల పనిని ఎరువునకు బదులుగా గాక, వేసిన ఎరువు వృథాపోకుండ కాపాడు సాధనముగా గ్రహింపవలెను.

చేయదగిన పనులు

1. ఎర్రచెలకలో కందిసాలును మానరాదు. ఏటేట సాళ్ల చోటు మార్చి, మునుపటి కందిసాలు పడిన చోట జొన్నయో, ఇతర పైరో వచ్చునట్లు చూడవలెను.

2. కంది చాలకాలముగా వేయని చేనిలో విత్తునప్పుడు, ఆ పైరునకు తగిన రైజోబియము పొడిని పది కిలోల విత్తనమునకు 200 గ్రాముల చొప్పున, కాచి చల్లార్చిన బెల్లపునీటితో కలిపి పట్టించి, నీడను ఆరబెట్టి, ఆ దినమే విత్తవలెను. ఈ పొడిలో నున్నవి ప్రాణముగల జీవులు. ఎండలో నుంచినను, ఎరువుతోగాని తెగులుమందుతోగాని కలిపినను చచ్చును.

3. భాస్వరపు ఎరువును చేనంతట చల్లక, విత్తు సాలులోనే విత్తనమునకు దాపున, దానిని తాకకుండ పడునట్లు వేయవలెను. కదలని ఎరువును వేరునకు దగ్గరగా నుంచుటయే ఉపాయము.

4. కందికి యూరియా అధికముగా వేయరాదు. మొలక నిలద్రొక్కుకొనుటకు కొద్దిపాటి నత్రజని చాలును. తక్కినది బొడిపెలకు విడువవలెను.

5. జొన్నకొయ్యలను కోత ముగిసిన వెంటనే, నేలలో పదునుండగనే దున్ని, విత్తులోపుగా కుళ్లుటకు వ్యవధి యీయవలెను. పెంటను పచ్చిగా గాక మాగిన పిదపనే చేనికి తోలవలెను.

6. కొయ్యలను, ఆకును కాల్చరాదు. మంటలో నత్రజని దాదాపుగా అంతయు గాలిపాలగును. సూక్ష్మజీవుల తిండియగు కర్బనమును పోవును. బూడిదలో మిగిలిన భాస్వరమును పొటాషును గాలివానలు కొంత కొనిపోవును.

ఈ పనులలో అధికభాగమునకు వ్యయము స్వల్పము. వీని ఫలము ఒక యేటిలో కంటికి కనబడకపోవచ్చును. కాని సందేహము గలవాడు తన చేనిలోనే పరీక్షించుకొనవచ్చును. ఒక మూల రెండు కుంటలలో కందిసాళ్లు వేసి, ఆకును అచ్చటనే దున్ని, ప్రక్కన రెండు కుంటలు కంది లేకుండ విడువవలెను. మరుసటి యేడు రెంటిలోను ఒకే పైరు, ఒకే ఎరువు వేసి, నెలదినముల మొక్కల వేళ్లను త్రవ్వి, ఆకుల రంగును పోల్చి, కోతనాడు గింజను వేర్వేరుగా తూచవలెను. ఆ తూకమునుబట్టి తన చెలకలో కందిసాలు ఉంచవలెనో, తీయవలెనో సేద్యగాడు తానే నిర్ణయించుకొనగలడు.